లేని గుంతల లోతు

మా ఊరి రోడ్ల మీద గుంతలు లేవు!

ఈ మాట నేను సరదాకి అనడం లేదు. ప్రభుత్వం అంటోంది. ప్రభుత్వం తరఫున ఆ మాట రాసి, కింద సంతకం పెట్టి, ముద్ర వేసేది నేనే. నేను రోడ్ల శాఖలో డిప్యూటీ ఇంజనీరుని. ఊళ్ళో గుంతల ఫిర్యాదులన్నీ నా బల్ల మీదకే వస్తాయి. ఇరవై రెండేళ్ళ సర్వీసులో వేల ఫిర్యాదులు చూశాను గానీ గుంత అనేది ఒక్కటీ చూడలేదు.

మీకు అనుమానం రావచ్చు. మా నియమాలు తెలిస్తే రాదు. మా శాఖ లెక్క ప్రకారం నాలుగంగుళాల లోతు లేనిది గుంత కాదు, దాన్ని 'ఉపరితల వైవిధ్యం' అంటారు. నాలుగంగుళాలు దాటిందా, అదీ గుంత కాదు, 'తవ్వకం' అవుతుంది. తవ్వకాలు నీళ్ళ శాఖవి. ఆ కాగితం వాళ్ళకి పంపిస్తాం. అందులో నీళ్ళు లేవు గనక తమది కాదని వాళ్ళు తిప్పి పంపిస్తారు. వాన పడ్డాక మేం మళ్ళీ పంపిస్తాం. మరి సరిగ్గా నాలుగంగుళాలే ఉంటే? అలాంటిది దొరికితే పూడ్చడానికి మేం ఎప్పుడూ సిద్ధమే! ఇంతవరకూ దొరకలేదు. మా ఆఫీసు కొలబద్ద మీద మొదటి గీత నాలుగంగుళాలు దాటాకే ఉంటుంది. దాని కిందంతా నున్నటి చెక్క. నేను ఉద్యోగంలో చేరేనాటికే అలా ఉంది. చేయించినాయన ఎవరో గానీ మహా మేధావి.

ఇంత పకడ్బందీ ఏర్పాటుకి ఊళ్ళో ఎదురు తిరిగిన మనిషి ఒక్కరే. మా పక్కింటి లెక్కల టీచరమ్మ. రిటైరై చాలా ఏళ్ళయింది. స్కూల్లో నాకు లెక్కలు చెప్పింది ఆవిడే. క్లాసులో నేను నోరెత్తేవాణ్ణి కాదు గానీ, బోర్డు మీద ఆవిడ ఒక్క అంకె తప్పు వేస్తే మాత్రం ఆగలేకపోయేవాణ్ణి. లేచి నిలబడి దిద్దేవాణ్ణి.

ఆవిడ స్కూటరు మీద వస్తూ మా వీధి చివర ఆసుపత్రి గేటు ముందు పడి, మణికట్టు విరగ్గొట్టుకున్నారు. ఆసుపత్రి ముందే పడ్డారు కాబట్టి వైద్యం క్షణాల్లో అందింది. ఆ సౌకర్యం గురించి ఫిర్యాదులో ఒక్క ముక్క రాయలేదు! 'గుంత లోతు మూడున్నర అంగుళాలు, దయచేసి పూడ్పించగలరు' అని మాత్రం రాశారు. నేను జవాబిచ్చాను: 'సదరు స్థలమును స్వయముగా పరిశీలించడమైనది. గుంత కనబడలేదు. రోడ్డు మామూలు వాడకమునకు యోగ్యముగా ఉన్నది.' ఆవిడ మళ్ళీ రాశారు. నేను మళ్ళీ అదే జవాబిచ్చాను. అలా పదకొండు సార్లు. పదకొండో ఉత్తరం చివర ఇంకో వాక్యం కూడా ఉంది: 'గుంత అలాగే ఉంది. నీ దస్తూరీ మాత్రం బాగుపడింది.'

వీధిలో కనబడితే కోపంగా చూసినా బాగుండేది. నవ్వుతూ పలకరించేవారు. నాకదే ఇబ్బందిగా ఉండేది.

ఇలా హాయిగా సాగిపోతున్న జీవితంలోకి కారు వచ్చింది.

తప్పు మా తోడల్లుడిది. ఆయన ఒక పెద్ద కారు కొని, మా ఇంటి ముందు రెండుసార్లు హారను కొట్టాడు. ఒకసారి కొడితే ఊరుకునేవాణ్ణేమో. మర్నాడే నేను షోరూముకెళ్ళి ఎర్రటి స్పోర్ట్స్ కారు చూశాను. నేలకి జానెడు ఎత్తు. చక్రాలు చూస్తే రిమ్మే అంతా, దాని చుట్టూ నల్ల రిబ్బను చుట్టినట్టు రెండు వేళ్ళ మందాన రబ్బరు.

"ఇదేమిటి, టైరు పెట్టడం మర్చిపోయారా?" అంది మా ఆవిడ.

"లో ప్రొఫైల్ టైర్లు మేడమ్!" అన్నాడు షోరూము అతను, భక్తిగా. "వీటితో రోడ్డు మీదున్న ప్రతి చిన్న విషయమూ మీకు చేతుల్లోకి తెలుస్తుంది."

రోడ్ల శాఖలో ఉండి రోడ్డు గురించి తెలుసుకోవడం నా ధర్మం కాదా? కొనేశాను.

అతను అబద్ధం చెప్పలేదు. షోరూము నుంచి ఇంటికి వచ్చేలోపు రోడ్డు తన మనసులో ఉన్నదంతా నాకు చెప్పేసింది. చేతుల్లోకి చెప్పింది, నడుములోకి చెప్పింది, పై పళ్ళకీ కింది పళ్ళకీ విడివిడిగా చెప్పింది. ఇరవై రెండేళ్ళుగా నేను యోగ్యముగా ఉన్నదని రాసిన రోడ్డు అది!

"ఏమండీ, ఇది కారా, వెన్నుపూసలు లెక్కపెట్టే మిషనా?" అంది మా ఆవిడ, ఇంటి ముందు దిగి నడుం పట్టుకుని.

"స్పోర్ట్స్ కారంటే అంతే. గంటకి రెండొందల యాభై కిలోమీటర్లు పోతుంది."

"ఇప్పుడెంతలో వచ్చాం?"

"పద్దెనిమిది."

ఆ రోజు నుంచి మా బతుకు మారిపోయింది. స్పీడ్ బ్రేకర్ వచ్చిందంటే మా ఆవిడ దిగాలి. బరువు తగ్గితే కారు అర అంగుళం పైకి లేస్తుంది. ఆవిడ ముందుకెళ్ళి వంగి, కారు కడుపు కింద చూస్తూ, "రండి, రండి, ఆగండి, గీసుకుంటోంది, ఏటవాలుగా తిప్పండి" అంటుంది. నేను ఏటవాలుగా దాటించాక మళ్ళీ ఎక్కుతుంది. వంద గజాలకు ఇంకో బ్రేకర్, మళ్ళీ దిగుడు. దారిన పోయేవాళ్ళకి మాత్రం మొగుడితో పడక మాటిమాటికీ కారు దిగిపోతున్న ఇల్లాలిలా కనబడేది. ఒక పెద్దాయన నా కిటికీ దగ్గరికొచ్చి, "బాబూ, ఆడవాళ్ళతో కాస్త ఓర్పుగా ఉండాలి" అని హితవు చెప్పి వెళ్ళాడు. వెనక నుంచి సైకిళ్ళవాళ్ళు బెల్లు కొట్టి మమ్మల్ని దాటిపోయేవారు. ఎర్ర కారుని దాటినందుకు వాళ్ళ మొహాల్లో ఎంత ఆనందం!

అయినా మొదటి నెలలోనే ఒక టైరు పోయింది. టైర్ల షాపాయన దాన్ని కింద పడుకోబెట్టి, పక్కన లేచిన బుడిపె మీద వేలు పెట్టాడు.

"లోపల తాళ్ళు తెగిపోయాయి సార్. ప్యాచ్ పడదు. కొత్తదే. ఏ గుంతలో పడింది?"

"ఊళ్ళో గుంతలు లేవయ్యా."

"మరి దేంట్లో పడింది సార్?"

"ఉపరితల వైవిధ్యంలో."

ఆయన పాపం పుస్తకంలో అలాగే రాసుకున్నాడు. రెండో నెల రెండో టైరుతో వెళితే, "మళ్ళీ వైవిధ్యమేనా సార్?" అన్నాడు ఆప్యాయంగా.

ఇక లాభం లేదనుకుని, ఆదివారాలు మా ఆవిడతో కలిసి ఊరంతా నడవడం మొదలుపెట్టాను. ఆఫీసు కొలబద్ద పనికి రాదు కదా, స్కూల్లో వాడిన నా పాత చెక్క స్కేలు పట్టుకెళ్ళాను. ప్రతి గుంత దగ్గరా వంగి లోతు కొలిచాను. అంచు పదునుగా ఉందా మొద్దుగా ఉందా, ఎడమ నుంచి దాటాలా కుడి నుంచా, అన్నీ పావంగుళం తేడా లేకుండా రాశాను. వీధివీధికీ మ్యాప్ గీశాను. మొత్తం రెండు వందల పన్నెండు. ఆసుపత్రి గేటు ముందుది మొదటి పేజీలోనే ఉంది. లోతు మూడున్నర. టీచరమ్మ కొలత సరిగ్గా ఉంది.

ఆ మ్యాపుల్ని పచ్చటి ఆఫీసు ఫైల్లోనే పెట్టుకున్నాను. సొంత పనికి సొంత ఫైలు కొనే అలవాటు మా శాఖలో లేదు. నిజం చెప్పనా? ఇన్నేళ్ళ సర్వీసులో నేను ఒళ్ళు వంచి చేసిన పని అదొక్కటే. అప్పుడప్పుడూ తీసి చూసుకుంటే గర్వంగా ఉండేది. ఎవరికీ చూపించుకోలేకపోవడం ఒక్కటే బాధ.

ఇంతలో పైనుంచి ఒక పథకం దిగింది. 'గుంతలు లేని పట్టణం' అని షీల్డు ఇస్తారట. మా పెద్ద ఇంజనీరు గారు నన్ను పిలిచి తలుపు వేశారు.

"ఏమయ్యా, నేను పై ఆఫీసుకి వెళ్ళిపోతున్నాను. ఈ కుర్చీ నీదే. కాకపోతే షీల్డు రావాలి. గుంతలు లేవని నువ్వు సంతకం పెట్టిన ధ్రువపత్రం సోమవారం పదింటికి సభలో నా చేతికివ్వాలి. నువ్వు ఇవ్వలేదనుకో, కుర్చీ ఇంకొకరిది."

ఆ కుర్చీ కోసం తొమ్మిదేళ్ళుగా ఎదురుచూస్తున్నాను. ధ్రువపత్రం టైపు చేయించి, సంతకం పెట్టి, ఇంకో పచ్చటి ఫైల్లో పెట్టాను. సోమవారం పొద్దున కారు ముందు సీట్లో పెట్టుకుని బయల్దేరాను. అదే సీట్లో మ్యాపుల ఫైలు కూడా ఉంది. అది లేకుండా నేను వీధి దాటను.

బయట జోరున వాన. రోడ్డంతా నీళ్ళు, ఏది రోడ్డో ఏది వైవిధ్యమో తెలియడం లేదు. అయినా నాకేం భయం? ఆసుపత్రి గేటు రాగానే కుడికి కొయ్యాలని నాకు నోటికొచ్చు. కుడికి కోశాను. సరిగ్గా అప్పుడే ఎదురుగా పాల వ్యాను! ఎడమకి కోశాను.

ఢామ్మంది.

దిగి చూశాను. టైరు పక్కన బెత్తెడు మేర కోసుకుపోయింది. స్టెప్నీ తీద్దామంటే, ఇలాంటి కార్లలో స్టెప్నీ ఉండదు! దాని బదులు ఒక నురుగు డబ్బా ఇస్తారు. టైర్లోకి కొడితే చిల్లి మూసుకుపోతుందట. కొట్టాను. నురుగంతా కోసుకుపోయిన చోటు నుంచి బయటికొచ్చి నా ప్యాంటు నిండా పడింది. టైము తొమ్మిదీ నలభై. తొమ్మిదేళ్ళు ఎదురుచూసిన కుర్చీ ఇరవై నిమిషాల్లో వేరేవాడిది కాబోతోంది.

పక్కనే స్కూటరు ఆగింది. రెయిన్ కోటులో టీచరమ్మ.

"ఏమైందిరా?"

"ఏం కాలేదండీ."

ఆవిడ టైరుని చూశారు. నీళ్ళలో మునిగిన చోటు చూశారు. నా ప్యాంటు చూశారు.

"పరిశీలించడమైనదా?" అన్నారు.

నేను ప్యాంటు మీది నురుగు దులుపుకున్నాను.

"సరే, ఎక్కు. పదింటికి సభ ఉందిగా, నేనూ దానికే వెళుతున్నాను."

కార్లో చెయ్యి పెట్టి ఫైలు లాక్కుని వెనక ఎక్కాను. స్కూటరు కదిలింది. ఆవిడ మణికట్టు ఇంకా పూర్తిగా నయం కాలేదు, బరువంతా రెండో చేతి మీదే వేసి నడుపుతున్నారు. ముందు నీళ్ళు తప్ప ఏమీ కనబడడం లేదు. ఆవిడ నేరుగా పోతున్నారు.

"టీచర్! ఎడమకి! రెండు ముప్పావు!" అని అరిచాను.

ఆవిడ చటుక్కున ఎడమకి తిప్పారు. తప్పింది.

"ఇప్పుడు కుడికి, కుడికి! మూడుంపావు, అంచు పదును! ఆగండి, ఇది చిన్నదే, రెండు. పోస్టాఫీసు మలుపులో మాత్రం జాగ్రత్త, మూడున్నర!"

అలా పదకొండు వీధులూ అరుస్తూనే ఉన్నాను. ఒక్క కుదుపు లేకుండా తీసుకెళ్ళారు ఆవిడ. ఆఫీసు ముందు స్కూటరు ఆపి, కళ్ళజోడు తుడుచుకుంటూ అడిగారు.

"లేని గుంతల లోతు పావంగుళం తేడా లేకుండా నీకెలా తెలుసురా?"

"ఆలస్యమవుతోందండీ" అని లోపలికి పరిగెత్తాను.

వేదిక మీద పై ఆఫీసు పెద్దలు, పూలు, షీల్డు. పెద్ద ఇంజనీరు గారు చెయ్యి చాపారు. ఫైలు ఆ చేతిలో పెట్టాను. ఆయన తెరిచారు. తెరవగానే నాకు మా వీధి మ్యాపు కనబడింది. మొదటి పేజీ, మూడున్నర!

రెండు ఫైళ్ళూ పచ్చవే కదా. ధ్రువపత్రం కార్లో, నురుగు పక్కన, భద్రంగా ఉంది.

ఆయన ఒక పేజీ తిప్పారు. ఇంకో పేజీ తిప్పారు. కుర్చీ సరే, ఉద్యోగం ఉంటే చాలనిపించింది. ఆయన ఫైలు మూసి, మైకు దగ్గరికెళ్ళి గొంతు సవరించుకున్నారు.

"ఈ ఫైలు చూశాక నాకు ఏ సందేహమూ మిగల్లేదు. ఇంత శ్రద్ధగా చేసిన పరిశీలన నా సర్వీసులో చూడలేదు. మన పట్టణంలో గుంతలు లేవు!"

చప్పట్లు మోగిపోయాయి. షీల్డు చేతులు మారింది. ఆయన వచ్చి నా పక్కన కూర్చుని, నవ్వుతూ సభకేసి చూస్తూనే, పెదాలు కదపకుండా అడిగారు.

"ఏమయ్యా, మా ఇంటి నుంచి ఆఫీసుకి దారి ఎన్నో పేజీ?"

"సార్?"

"నేనూ కిందటి నెల కొన్నానయ్యా ఆ కారు. నీలం రంగుది. అప్పుడే రెండు టైర్లు పోయాయి. సాయంత్రానికి నాకో కాపీ పంపించు. ధ్రువపత్రం రేపు తెచ్చివ్వు, తొందరేం లేదు."

సాయంత్రానికి ఆరు కాపీలు తీయాల్సి వచ్చింది. మా శాఖలో సన్న టైర్లవాళ్ళు ఇంతమంది ఉన్నారని అప్పటిదాకా నాకు తెలియదు. ఫైలు మీద 'అతి రహస్యము' అని ముద్ర పడింది. నా ప్రమోషన్ కాగితం కూడా కదిలింది. నా మ్యాపుల విలువ తెలిసినవాళ్ళు లోకంలో ఉన్నందుకు కళ్ళు చెమర్చాయి.

మర్నాడు నా బల్ల మీద టీచరమ్మ పన్నెండో ఫిర్యాదు ఉంది.

'మా ఇంటి నుంచి మీ ఆఫీసు వరకు దారిలో పందొమ్మిది గుంతలు కలవు' అని మొదలుపెట్టి, వరసగా పందొమ్మిదీ రాశారు. ఏ మలుపు, ఏ వైపు, ఎంత లోతు, అన్నీ. స్కూటరు నడుపుతూ, వానలో, నా అరుపులన్నీ గుర్తుపెట్టుకున్నారంటే చూడండి! నేను ఎప్పటి జవాబే రాద్దామని పెన్ను తీశాను. 'గుంత కనబడలేదు' అని రాయబోతూ ఏడో వరస దగ్గర ఆగిపోయాను.

'పోస్టాఫీసు మలుపు: మూడుంపావు.'

మూడుంపావేమిటి? దాన్ని నేను రెండుసార్లు కొలిచాను. మా ఆవిడే స్కేలు పట్టుకుంది. మనసు ఒప్పుకోలేదు. మూడుంపావు కొట్టేసి, పక్కన 'మూడున్నర' అని వేశాను. ఆఫీసు కాగితం మీద దిద్దితే పక్కన సంతకం పెట్టాలని రూలు. పెట్టాను. ముద్ర కూడా వేశాను. ఆ కాగితమే ఎప్పట్లాగే ఆఫీసు బంట్రోతు చేత తిప్పి పంపించేశాను. నేను ఏం చేశానో నాకు సాయంత్రం ఇంటి గేటు తీస్తుంటే గానీ తట్టలేదు. అప్పటికే ఆవిడ ఆ కాగితం పట్టుకుని గోడ అవతల నిలబడి ఉన్నారు.

"మూడున్నరేరా. నాకూ తెలుసు" అన్నారు.

"తెలిసి ఎందుకు తప్పు రాశారండీ?"

"నువ్వు ప్రశ్న అడిగితే లేచేవాడివి కాదు, తప్పు వేస్తేనే లేచేవాడివి. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పిన దాన్ని, ఆ మాత్రం గుర్తుండదూ?"

ఆవిడ బోర్డు ముందు నిలబడ్డట్టే నిలబడి, నిదానంగా చెప్పారు.

"ఇప్పుడు లెక్క విను. ఈ కాగితం పైకి పంపాననుకో, నీ ప్రమోషన్ పోతుంది, గుంతలు ఉంటాయి. పంపలేదనుకో, ప్రమోషన్ ఉంటుంది, గుంతలు పోవాలి. అర్థమైందా?"

"అర్థమైందండీ."

కానీ మర్నాడు ఆఫీసులో గుంతలు పూడుద్దామంటే పెద్ద ఇంజనీరు గారు తల అడ్డంగా ఊపారు. "షీల్డు గోడకి కొట్టాక లేని గుంతని పూడ్చినట్టు రికార్డులో ఎలా రాస్తామయ్యా? ఆఫీసు కంకర ఒక్క బొచ్చెడు కూడా కదలడానికి వీల్లేదు. పూడ్చుకుంటే నువ్వే పూడ్చుకో. ఎవరైనా అడిగితే మాకు తెలియదు."

మర్నాడు తెల్లవారి ఆరింటికి, కాబోయే పెద్ద ఇంజనీరు ఆసుపత్రి గేటు ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. పక్కన బకెట్లో కంకర, తారు కలిపిన ముద్ద. తాపీతో సర్ది, చెక్కతో దిమ్మిస కొట్టాను. మా ఆవిడ స్పీడ్ బ్రేకర్ దగ్గర వంగి చూసినట్టే వంగి చూసి, "ఎడమ అంచు ఇంకా పల్లంగా ఉందండీ" అంది. సర్దాను. ఇరవై రెండేళ్ళ సర్వీసులో నేను పూడ్చిన మొదటి గుంత అది. రికార్డుల ప్రకారం ఆ ఉదయం అక్కడ ఏమీ జరగలేదు. చెబితే నవ్వుతారు గానీ, చాలా సంతోషమేసింది.

స్కూటరు వచ్చి ఆగింది. టీచరమ్మ దిగి, చెప్పుతో నొక్కి చూశారు. సంచీలోంచి నేను సంతకం పెట్టిన కాగితం తీసి, మొదటి వరస పక్కన ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టారు. స్కూల్లో ఆ టిక్కు కోసం ఎంత ఎదురుచూసేవాణ్ణో!

"కారేదిరా?"

"షాపులో ఉందండీ. ఆ సైజు టైరు ఊళ్ళో దొరకదట. రెండు వారాలు పడుతుంది."

"సరిపోతుంది. పందొమ్మిదిలో ఒకటి పోతే?"

"పద్దెనిమిదండీ."

"బకెట్ తీసుకుని ఎక్కు."

నేను బకెట్ ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చున్నాను.